ఒక ఖాళీ పైపు గురించి

పోయిన నవంబర్లో మా కాలేజీ ఇంగ్లిష్ డిబేట్‌లో నాకు చీటీలో వచ్చిన టాపిక్ ఇది: అడవి మంటల్లో కాలిపోయి మళ్ళీ కట్టుకునే ఇళ్ళకి ఎలక్ట్రిక్ వెహికల్ చార్జింగ్ తప్పనిసరి చేయాలా, వద్దా? నాకు 'చేయాలి' అనే పక్షం పడింది. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియమే కాబట్టి ఆ రోజు నోరు బాగానే తిరిగింది. కాలిఫోర్నియా అన్నాను, కార్బన్ అన్నాను, రాబోయే తరాలు అన్నాను. రెండో ప్రైజ్ కూడా ఇచ్చారు.

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అదే విషయం మా పెద్దనాయనకి తెలుగులో చెప్పబోయాను. నాలుగు మాటలు దాటలేదు. తెలుగు రాక కాదు (అది కూడా కొంచెం ఉంది, ఒప్పుకుంటా). ఆయన అడిగిన ఒక్క ప్రశ్నకి నా దగ్గర స్లైడ్ లేదు. ఆ ప్రశ్న చుట్టూ రెండు వారాలుగా తిరుగుతున్నా. డిబేట్‌లో చెప్పింది సగం తప్పని ఇప్పుడు అనిపిస్తోంది. ఆ సగం ఏదో, మిగతా సగం ఎందుకు తప్పు కాదో రాద్దామని కూర్చున్నా. ఒత్తులు తప్పితే ఎడిటర్ అక్క దిద్దుతుంది.

ముందు ఊరి సంగతి. మా పెద్దనాయన వాళ్ళది బంగారుపాళ్యం దగ్గర ఒక పల్లె. ముందు మామిడితోపులు, వెనక గుట్ట. ఎండాకాలం ఆ గుట్టకి నిప్పు పడటం మాకు కొత్త కాదు. ఎండిన గడ్డి కాలితే వానకి కొత్త గడ్డి బాగా మొలుస్తుందని కొందరు పెడతారు, ఒక్కోసారి ఎవరో పడేసిన బీడీ ముక్క చాలు. రాత్రిపూట మిద్దె మీద నుంచి చూస్తే గుట్టకి ఎర్రటి దండ వేసినట్టు ఉంటుంది. చిన్నప్పుడు నాకు అది భలే అందంగా కనిపించేది.

2023 ఎండాకాలం, నేను ఇంటర్ ఫస్టియర్ పరీక్షలు రాసిన సంవత్సరం, గాలి ఊరి వైపు తిరిగింది. రవ్వలు వచ్చి గడ్డివామి మీద పడ్డాయి. వామి నుంచి కొట్టానికి. కొట్టం అంటే టౌన్ పిల్లలకి తెలియకపోవచ్చు: మట్టిగోడలు, పైన బోద కప్పు. అరగంట పట్టలేదు. జేజినీ, రెండు ఆవుల్నీ బయటికి తెచ్చారు. బియ్యం, పాస్‌బుక్కులు, మా అన్న డిగ్రీ సర్టిఫికెట్లు, పెద్దమ్మ పెళ్ళిచీర పోయాయి. చీర గురించి పెద్దమ్మ ఇప్పటికీ మాట్లాడదు, సర్టిఫికెట్ల గురించి అన్న ఇప్పటికీ మాట్లాడతాడు.

దీన్ని ఎవరూ వైల్డ్‌ఫైర్ అనరు. మన వైపు పెద్ద అడవి మంట అంటే అందరికీ గుర్తొచ్చేది 2014 మార్చిలో శేషాచలం తగలబడటం. తిరుమల కొండల మీద రోజుల తరబడి మంటలు, చివరికి విమానదళం హెలికాప్టర్లు వచ్చి నీళ్ళు చల్లాయి. అప్పుడు నేను రెండో తరగతి. కొండ మీద అడవి పోయింది గానీ కింద ఊళ్ళమీదికి రాలేదు. అందుకని అడవి మంటకి ఇల్లు పోవడం అంటే మనకి అమెరికా వార్తే. కానీ గుట్ట మంటకి ఒక కొట్టం, గ్యాస్ పేలి రెండు గుడిసెలు, ఏరు పొంగి ఒక వీధి, ఇట్లా చిల్లరగా పోయే ఇళ్ళు మనకి ప్రతి ఏడూ ఉన్నాయి. మొత్తంగా పోయినవీ ఉన్నాయి. 2021 నవంబర్ 19న అన్నమయ్య డ్యాం కట్ట తెగినప్పుడు రాజంపేట దగ్గర చెయ్యేటి పక్కనున్న పులపుత్తూరు, మందపల్లి, తొగురుపేట లాంటి ఊళ్ళు ఏమైపోయాయో మనందరం ఫోన్లలో చూశాం. కాబట్టి 'పోయిన ఇంటిని తిరిగి కట్టేటప్పుడు ఏ రూల్ పెట్టాలి' అనే ప్రశ్న మనదే. నిప్పా నీళ్ళా అనేది రెండో మాట.

పెద్దనాయన ఇల్లు తిరిగి లేచింది. ప్రభుత్వం సాయం కొంత, మామిడికాయల మీద అప్పు కొంత, అత్త వాళ్ళిచ్చింది కొంత. ఒక హాలు, ఒక గది, వంటిల్లు, పైన స్లాబు. ఆరు నెలలు రేకుల షెడ్డులో ఉన్న మనుషులకి అది రాజమహల్ మాదిరి. 2024 దసరాకి చేరారు. నాలుగు నెలలు తిరక్కుండానే మా అన్న ఎలక్ట్రిక్ స్కూటర్ కొన్నాడు. వాడు చిత్తూరు టౌన్లో డెలివరీ పని చేస్తాడు, పెట్రోలు పోసి పోసి మిగిలేది ఏమీ లేదని కిస్తుల్లో తీసుకున్నాడు. పర్యావరణం అనే మాట వాడి నోట నేను ఒక్కసారి కూడా వినలేదు.

సంక్రాంతికి నేను చూసింది ఇది. హాల్లో టీవీ కింద ఉండే స్విచ్‌బోర్డు నుంచి ఒక ఎక్స్‌టెన్షన్ వైరు బయల్దేరుతుంది. జేజి మంచం కాళ్ళ పక్కగా పోయి, కిటికీ చువ్వల మధ్యనుంచి బయటికి వెళ్ళి, స్కూటర్ చార్జర్‌కి తగులుకుంటుంది. కిటికీ రాత్రంతా మూయడానికి లేదు. వైరు మధ్యలో ఒక అతుకు, దానికి నల్ల టేపు. బోర్డులో ఒక ప్లగ్గు రంధ్రం చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగి, కొంచెం వంగి ఉంది. "ఇది కరిగిందా?" అని అడిగితే, "ఆ రంధ్రం వాడంలే, పక్కది వాడతాండాం" అన్నాడు అన్న, ఏదో పెద్ద జాగ్రత్త తీసుకున్నట్టు.

ఒకసారి కాలిన కుటుంబం ఇది.

అప్పుడు నేను నా డిబేట్ మొదలుపెట్టాను. ఇల్లు కట్టేటప్పుడే చార్జింగ్ పాయింట్ ఉండి తీరాలని ప్రభుత్వం రూల్ పెట్టి ఉంటే ఈ బాధ ఉండేది కాదు గదా పెద్దనాయనా, అమెరికాలో అయితే... అన్నాను. ఆయన పశువులకి గడ్డి వేస్తూ, తల ఎత్తకుండా అడిగాడు: "నువ్వు జెప్పేది బాగానే ఉండాది రా అబ్బోడా. ఇల్లు కాలినోడు ముందు జూసేది నీడ. వాని నెత్తిన ఇంగో రూలు పెడితే, ఆ రూలుకి దుడ్లు ఎవురిస్తారు?"

ఇదే ప్రశ్న అమెరికాలో కూడా అడిగారని నాకు తెలుసు. డిబేట్‌కి చదివాను గానీ నా పక్షానికి పనికిరాదని పక్కన పెట్టేశాను. ఇప్పుడు చెప్తా.

కొలరాడోలో 2021 డిసెంబర్ 30న మార్షల్ ఫైర్ అనే మంట వచ్చింది. గంటకి 160 కిలోమీటర్ల వేగంతో గాలి. గడ్డి మైదానంలో మొదలై లూయివిల్, సుపీరియర్ అనే ఊళ్ళలోకి దూకి ఒక్క రోజులో 1,084 ఇళ్ళు కాల్చేసింది. డెన్వర్ పక్కనే, మనవాళ్ళు చాలామంది ఉండే ప్రాంతమే. లూయివిల్ ఊరు ఆ మంటకి కొద్ది నెలల ముందే కరెంటు, ఇంధనం ఆదా చేసే కొత్త బిల్డింగ్ కోడ్ తెచ్చుకుంది. అంటే పోయిన ఇల్లు పాత రూల్ ప్రకారం కట్టింది, తిరిగి కట్టేది మాత్రం కొత్త రూల్ ప్రకారం కట్టాలి. ఇన్సూరెన్స్ ఇచ్చే డబ్బు పాత ఇంటికి సరిపోయేంతే. తేడా ఎవరు పెట్టుకోవాలి? అదనపు ఖర్చు ఎంతన్న దాని మీదే బిల్డర్లకీ కోడ్ సమర్థించేవాళ్ళకీ పెద్ద గొడవ. చివరికి 2022లో ఊరి కౌన్సిల్ తగ్గింది. ఇల్లు పోయినవాళ్ళు కావాలంటే పాత కోడ్ ప్రకారమే కట్టుకోవచ్చు అంది. అక్కడి కరెంటు కంపెనీ ఎక్సెల్ ఎనర్జీ మాత్రం మంచి ప్రమాణాలతో కట్టుకునేవాళ్ళకి డబ్బు సాయం ప్రకటించింది. నాకు ఆ రెండో పని నచ్చింది, దాని గురించి తర్వాత.

కాలిఫోర్నియాలో కూడా ఇదే కథ. 2018 నవంబర్ 8న క్యాంప్ ఫైర్ ప్యారడైజ్ అనే ఊరిని దాదాపు తుడిచేసింది, 85 మంది చనిపోయారు. కొత్త ఇళ్ళకి సోలార్ తప్పనిసరి అనే రూల్ 2020 జనవరి నుంచి అమల్లోకి రావాల్సి ఉంది. ఇళ్ళు పోయినవాళ్ళు గోల పెట్టారు. 2019లో ఒక చట్టం చేసి, ఆదాయం తక్కువ ఉండి ఇన్సూరెన్స్‌లో ఆ ఖర్చు రానివాళ్ళకి 2023 వరకు సోలార్ నుంచి మినహాయింపు ఇచ్చారు. 2025 జనవరిలో లాస్ ఏంజిలెస్‌లో పాలిసేడ్స్, ఈటన్ మంటలకి 16 వేలకు పైగా కట్టడాలు పోయినప్పుడూ అంతే. కొత్త ఇళ్ళలో గ్యాస్ లేకుండా అంతా కరెంటే ఉండాలన్న లాస్ ఏంజిలెస్ నగర నిబంధన నుంచి తిరిగి కట్టుకునేవాళ్ళని మేయర్ కేరన్ బాస్ తప్పించింది. ఆ ఏడాది జూన్‌లో రాష్ట్రం చేసిన ఇంకో చట్టం ఇళ్ళ కోడ్‌లో కొత్త మార్పులకి 2031 దాకా దాదాపు బ్రేక్ వేసేసింది.

ఇవన్నీ చూస్తే మా పెద్దనాయన గెలిచినట్టే. మనకన్నా ఎన్నో రెట్లు డబ్బున్న చోట కూడా ఇల్లు కాలినోడి నెత్తిన రూలు నిలబడలేదు.

కానీ ఒక చిన్న రూల్ మీద ఇంత గొడవ ఎక్కడా నాకు కనపడలేదు. కాలిఫోర్నియా గ్రీన్ కోడ్‌లో 2015 నుంచి విడి ఇళ్ళకి ఉన్నది అది. చార్జర్ పెట్టమని అది అడగదు. వైరు లాగమని కూడా అనదు. కరెంటు ప్యానెల్ నుంచి కారు ఆపే చోటికి ఒక ఖాళీ పైపు వేయమంటుంది, లోపలి వ్యాసం ఒక అంగుళం ఉండేలా. ప్యానెల్‌లో 40 ఆంపియర్ల సర్క్యూట్‌కి చోటు వదిలి, అది దేనికో పక్కన రాసిపెట్టమంటుంది. అంతే. ఆ ఇంట్లో ఎప్పటికీ కారే కొనకపోతే ఆ పైపు గోడలో ఖాళీగా ఉంటుంది, దానివల్ల ఎవరికీ నష్టం లేదు.

డిబేట్‌లో నేను ఈ తేడా చెప్పలేదు. 'చార్జింగ్ తప్పనిసరి' అని ఒకే ముద్దగా అరిచాను. సోలార్ ప్యానెల్ ఈరోజు పెట్టకపోతే ఐదేళ్ళ తర్వాత పెట్టుకోవచ్చు, అప్పటికి ఇంకా చవక కూడా కావచ్చు. చార్జర్ కూడా అంతే, బండితోపాటు వస్తుంది. గోడలో పైపు, భూమిలో ఎర్త్ మాత్రం ఇల్లు లేచేటప్పుడు వేస్తే ఒక లెక్క, లేచాక వేస్తే ఇంకో లెక్క. డీబీఎంఎస్ ల్యాబ్‌లో టేబుల్ నిండా డేటా పోశాక కాలమ్ మార్చబోయి ఏడ్చినవాళ్ళకి నేను చెప్పేది అర్థమవుతుంది. తర్వాత చవగ్గా చేసుకోగలిగేది ఏదైనా కావచ్చు, ఇల్లు పోయినవాడిని దాని జోలికి లాగకూడదు. తర్వాత చేయాలంటే గోడ పగలగొట్టాల్సింది మాత్రం ఇప్పుడే చేయించాలి. నా రూల్ ఇంతవరకే.

మన ఊళ్ళో అది ఎంత పని? నేను ఊరి ఎలక్ట్రీషియన్ని అడిగాను. ఇప్పుడు బోర్డు నుంచి వసారా దాకా గోడ కోసి, పైపు పెట్టి, మళ్ళీ సిమెంటు పూసి, మీటర్ దగ్గర విడిగా ఎంసీబీ పెట్టి, ఎర్త్ గుంత తవ్వి ఇస్తే ఐదు వేలకి తక్కువ కాదన్నాడు. మరి కట్టేటప్పుడే అయితే? "అప్పుడు పైపు తెచ్చిస్తే కూలితో పాటే ఏసేస్తి గదా" అన్నాడు. బంగారుపాళ్యంలో షాపులో ధర కనుక్కుంటే, పది అడుగుల పీవీసీ పైపు నూరు రూపాయల లోపే. పెద్దనాయనకి ఐదు వేలు అంటే ఎంతో చెప్తా. పోయిన ఏడు తోతాపురి ధర పడిపోయినప్పుడు ఫ్యాక్టరీలు ఎనిమిది, ప్రభుత్వం నాలుగు, మొత్తం కిలోకి పన్నెండు రూపాయలు అని ప్రకటించారు గుర్తుందా? ఆ లెక్కన నాలుగు వందల కిలోల పైన కాయ. నూరు రూపాయలంటే ఒక గంప.

ఇప్పుడు ఎర్త్ గురించి. నన్ను అడిగితే పైపుకన్నా ఇదే ముఖ్యం, దీని గురించే ఎవరూ మాట్లాడరు. ఫస్టియర్‌లో బేసిక్ ఎలక్ట్రికల్ ల్యాబ్ మనందరం చేశాం, రికార్డు కూడా కాపీ కొట్టాం. మూడు పిన్నుల ప్లగ్గులో పైన లావుగా ఉండేది ఎర్త్. మన పల్లెల్లో చాలా ఇళ్ళల్లో ఆ రంధ్రం వెనక వైరే ఉండదు. ఫ్యానుకీ టీవీకీ ఆ లోటు తెలియదు. కారుతో వచ్చే చార్జర్లు, కొన్ని స్కూటర్ల చార్జర్లు ఎర్త్ ఉందో లేదో చూసుకుంటాయి, లేకపోతే ఎర్ర లైటు వేసి మొరాయిస్తాయి. అప్పుడు ఎవరో ఒక తెలివైనవాడు వచ్చి బోర్డు విప్పి న్యూట్రల్ వైరుని ఎర్త్ పిన్నుకి కలిపేస్తాడు. లైటు పచ్చగా మారుతుంది, అందరూ మెచ్చుకుంటారు. ఎప్పుడైనా స్తంభం దగ్గర న్యూట్రల్ తెగిందంటే, బండి ఇనుప బాడీ మొత్తానికి కరెంటు వచ్చేస్తుంది. వాన పడిన పొద్దున, కింద తడి, పాప వెళ్ళి బండి పట్టుకుంటుంది. ఇంక చెప్పను. యూట్యూబ్‌లో ఈ కిటుకు నేర్పే వీడియోలు ఉన్నాయి, కింద కామెంట్లలో దండాలు పెడుతున్నారు.

లోడు సంగతి కూడా చూద్దాం. స్కూటర్ చార్జర్ ఏడెనిమిది వందల వాట్లు తీసుకుంటుంది, అంటే మూడు నాలుగు ఆంపియర్లు. మామూలు చిన్న ప్లగ్గు ఆరు ఆంపియర్లకి చేసింది, కాగితం మీద సరిపోవాలి. కానీ మిక్సీ రెండు నిమిషాలు తిరుగుతుంది, ఇస్త్రీపెట్టె మధ్యమధ్యలో ఆగుతుంది. స్కూటర్ మాత్రం నాలుగైదు గంటలు ఆగకుండా అంతే లాగుతుంది. వదులైన ప్లగ్గు, సన్నటి వైరు, మధ్యలో టేపు వేసిన అతుకు: వేడి అక్కడే పుడుతుంది. మా అన్న వాళ్ళ బోర్డు కరిగింది ఎందుకో ఇప్పుడు మీకు తెలిసిపోయి ఉంటుంది. విడి పదహారు ఆంపియర్ల పాయింట్, దానికి సరిపడే వైరు, తేడా వస్తే కొట్టేసే ఆర్‌సీసీబీ ఉంటే ఈ బాధ చాలావరకు ఉండదు.

ఇక్కడ పెద్దమ్మ వాదన ఒకటి ఉంది, దాన్ని దాటేసి పోలేను. "నిప్పుతో ఇల్లు పోయినోళ్ళం. మళ్ళా ఆ పేలే బండ్లకి ఇంట్లో చోటు జేసేదా?" అంటుంది. ఆమె భయం ఉత్తది కాదు. 2022 ఏప్రిల్లో నిజామాబాద్‌లో ఇంట్లో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి 80 ఏళ్ళ పెద్దాయన చనిపోయాడు. అదే వారంలో విజయవాడలో పడకగదిలో చార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి ఇంటాయన పోయాడు. సెప్టెంబర్ 12న సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, పైన లాడ్జి ఉన్న బిల్డింగ్‌లో మంటలు లేచి ఎనిమిది మంది చనిపోయారు. ఆ తర్వాతే బ్యాటరీల పరీక్షల ప్రమాణం ఏఐఎస్ 156ని గట్టి చేశారు, 2022 డిసెంబర్, 2023 మార్చి రెండు దశల్లో. లాస్ ఏంజిలెస్ మంటల తర్వాత కూడా బూడిదలోంచి కార్ల బ్యాటరీలు, ఇళ్ళకి పెట్టుకున్న బ్యాటరీలు వెయ్యికి పైగా ఏరి తీయడానికే ప్రత్యేక బృందాలు దిగాల్సి వచ్చింది.

కానీ పెద్దమ్మా, బండి ఆల్రెడీ ఇంటికి వచ్చేసింది. వద్దంటే మా అన్న ఉద్యోగం మానేయాలి. ఇప్పుడు మన చేతిలో ఉన్నది అది రాత్రి ఎక్కడ నిలబడాలి అన్నదొక్కటే. పాయింట్ హాల్లో ఉంటే బ్యాటరీ గానీ వైరు గానీ హాల్లోకి వస్తుంది, జేజి మంచం పక్కకి. పాయింట్ వసారా బయట గోడకి ఉంటే బండి బయటే ఉంటుంది. నిజామాబాద్‌లో, విజయవాడలో జరిగినవి రెండూ ఇంటి లోపలే జరిగాయి. చార్జింగ్ పాయింట్ రూల్‌ని నేను పర్యావరణం పేరు మీద సమర్థించడం మానేశాను. అగ్నిప్రమాదం రూల్‌గా సమర్థిస్తున్నా.

మన దేశంలో రూల్ లేదా అంటే ఉంది. కేంద్రం 2019లో మోడల్ బిల్డింగ్ బైలాస్ సవరించి, పార్కింగ్‌లో 20 శాతం బండ్లకి చార్జింగ్ ఏర్పాటు ఉండాలంది. మోడల్ కాబట్టి ఎవరి రాష్ట్రం వాళ్ళు తెచ్చుకోవాలి. ఆ సవరణ మనసులో ఉన్నది అపార్ట్‌మెంట్లు, మాల్స్, ఆఫీసులు. తిరుపతిలో ఎయిర్‌బైపాస్ రోడ్డు వైపు లేచే బిల్డింగులు. అసలు రూల్ అక్కర్లేకపోయినా బిల్డరే 'ఈవీ రెడీ' అని బ్రోచర్‌లో వేసుకునే చోట రూల్ ఉంది. ఇంకోవైపు, ఇళ్ళులేని పేదలకి మన రాష్ట్రం ఇచ్చిన స్థలం టౌన్లలో ఒక సెంటు, పల్లెల్లో సెంటున్నర. ఇల్లు 340 చదరపు అడుగులు, సాయం లక్షా ఎనభై వేలు. ఆ కాలనీల్లో సాయంత్రం పూట ఒకసారి నడిచి చూడండి. కార్లు ఉండవు. ప్రతి మూడు నాలుగు ఇళ్ళకి ఒక కిటికీలోంచి వైరు బయటికి వచ్చి ఉంటుంది. డెలివరీ బండి, పాల బండి, ఈ మధ్య ఎలక్ట్రిక్ ఆటో. ఎక్కడ బండ్లు నిజంగా రోజూ చార్జ్ అవుతున్నాయో అక్కడ పైపు లేదు.

తిరుపతి వాళ్ళం మనం ఈ విషయంలో కొంచెం సిగ్గుపడాలి కూడా. కరకంబాడిలో అమరరాజా బ్యాటరీలు చూస్తూ పెరిగాం. (లిథియం గిగాఫ్యాక్టరీ మాత్రం మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లికి పోయింది, ఆ బాధ వేరే వ్యాసం.) అలిపిరి నుంచి కొండకి ఎలక్ట్రిక్ బస్సులు ఎక్కుతున్నాయి, ఘాట్‌లో దిగేటప్పుడు బ్రేక్ వేసిన శక్తి తిరిగి బ్యాటరీలోకే పోతుందని మా ఫిజిక్స్ సార్ మురిసిపోయి చెప్పేవాడు. బస్సుకి డిపోలో చార్జర్ ఉంది. బంగారుపాళ్యంలో ఒక స్కూటర్‌కి కిటికీ చువ్వలు.

సరే, దుడ్లు ఎవరిస్తారు? ఇక్కడ నేను డిబేట్‌లో చెప్పిన దాంట్లో సగం వెనక్కి తీసుకుంటున్నా. పెద్దనాయన భయం ఖర్చు గురించి మాత్రమే కాదని తర్వాత అర్థమైంది. ప్రభుత్వ సాయం ఒకేసారి రాదు. పునాది అయితే ఒక బిల్లు, స్లాబు అయితే ఒక బిల్లు, ఫోటో తీయాలి, ఎక్కించాలి, ఎదురుచూడాలి. ఆయనకి ఒక బిల్లు ఆగిన నెలలో సిమెంటు అప్పు మీద వడ్డీ కట్టాడు. "మీ రూలు వచ్చినాక, పైపు లేదని ఇంగో బిల్లు ఆపరా?" అన్నాడు. ఆపుతారు. అది నాకూ తెలుసు. చార్జింగ్ పాయింట్ అనేది ఇల్లు పోయినవాడు తీర్చాల్సిన షరతు అయితే నేను దానికి వ్యతిరేకం. నా సర్టిఫికెట్ వెనక్కి ఇచ్చేయమన్నా ఇచ్చేస్తా.

రూల్ ఎస్టిమేట్ రాసేవాళ్ళ మీద ఉండాలి. ప్రభుత్వ సాయంతో కట్టే ఇంటికి ప్లానూ ఎస్టిమేటూ ఎట్లాగూ ప్రభుత్వమే ఇస్తుంది. అందులో సిమెంటు ఎన్ని బస్తాలు, ఇనుము ఎంత అని రాసి ఉంటుంది. దాని కింద ఇంకో రెండు గీతలు రాయమంటున్నా: మీటర్ నుంచి ఇంటి బయటి గోడ దాకా ఒక ఖాళీ పైపు, ఒక ఎర్త్ గుంత. ఆ ఖర్చు సాయానికి అదనంగా కలవాలి, అందులోంచి కోయకూడదు. వైరు, పదహారు ఆంపియర్ల పాయింట్, ఆర్‌సీసీబీ ఇప్పుడే అక్కర్లేదు, బండి కొన్నప్పుడు వాళ్ళే పెట్టుకుంటారు. అప్పుడు కరెంటు కంపెనీ తక్కువ ధరకి ఒక కిట్ ఇస్తే ఇంకా మంచిది. కొలరాడోలో కంపెనీ ఇచ్చింది కదా, మన ఎస్పీడీసీఎల్ హెడ్డాఫీసు తిరుపతిలోనే ఉంది, అడగడానికి బస్సు చార్జి కూడా ఎక్కువ కాదు. పైపు వాడకపోతే? రేపు ఇంటి మీద సోలార్ పెట్టుకుంటే ఆ వైరు దిగడానికి పనికొస్తుంది. అదీ లేదంటే నూరు రూపాయలు గోడలో పూడ్చిపెట్టినట్టు.

సొంత డబ్బుతో తిరిగి కట్టుకునేవాళ్ళని మాత్రం రూల్‌తో కట్టేయను. వాళ్ళకి చెప్పేవాళ్ళుంటే చాలు. పెద్దనాయన ఇల్లు కట్టినప్పుడు ఇంజనీరింగ్‌లో సీటు వచ్చిన మనవడు ఇంట్లోనే ఉన్నాడు, జేఈఈ ర్యాంకు గురించి ఏడుస్తూ. స్లాబు రోజు వెళ్ళి పాయసం తిని వచ్చాను. గోడ లేస్తున్నప్పుడు ఒక పైపు వేయించండి అని నాకే తోచలేదు, ఇంక మేస్త్రీకి ఎట్లా తోస్తుంది?

మొన్న ఆదివారం మళ్ళీ వెళ్ళాను. అన్నా నేనూ టేపు పట్టుకుని మీటర్ నుంచి వసారా గోడ దాకా కొలిచాం, ఇరవై మూడు అడుగులు. గోడ కోయకుండా పైనుంచే క్లిప్పులు కొట్టి పైపు తెస్తే ఖర్చు తగ్గుతుందని ఎలక్ట్రీషియన్ అన్నాడు, చూడ్డానికి బాగుండదు గానీ. ఎర్త్ గుంత మేమిద్దరం తవ్వాం, బొగ్గూ ఉప్పూ పెద్దమ్మే తెచ్చి పోసింది. సాయంత్రం దాకా పెద్దనాయన ఏమీ అనలేదు. నేను బస్సుకి బయల్దేరుతుంటే గుంత దగ్గరికి వచ్చి కాలితో మట్టి సర్దుతూ అన్నాడు: "పైపు ఏపిస్తాలే. వైరు సంగతి కాయల దుడ్లు చేతికొచ్చినాక జూద్దాం. అంతదాకా రేత్రి పూట ఆ బండిని హాల్లోకి వైరు లాగొద్దని మీ అన్నకి నువ్వే జెప్పు, నా మాట ఇనడు."

చెప్పాను. ప్రస్తుతానికి వాడు చిత్తూరులో ఫ్రెండ్ షాపు దగ్గర చార్జింగ్ పెట్టుకుని వస్తున్నాడు.